పంటి సందుల్లో ప్రవాహం

మ్యాంక్స్ నార్టన్ ఇంజను ఎదుట నిలబడ్డవాళ్ల చూపు మొదట పైకే పోతుంది. క్రాంకు పక్క నుంచి నిట్టనిలువుగా లేచే షాఫ్టు, దాని రెండు కొసలా బెవెల్ గేర్లు, నెత్తిన రెండు క్యాములు. బర్మింగ్‌హామ్‌లోని బ్రేస్‌బ్రిడ్జ్ వీధిలో పుట్టిన ఈ ఒంటి సిలిండరు వంశంతోనే జెఫ్ డ్యూక్ 1951లో 350, 500 సీసీ ప్రపంచ టైటిళ్లు రెండూ గెలిచాడు. పదేళ్ల తర్వాత, 1961లో, మైక్ హెయిల్‌వుడ్ ఐల్ ఆఫ్ మ్యాన్‌లో సీనియర్ టీటీని దీని మీదే గెలిచాడు. ఆ శిఖరానికి దణ్ణం పెట్టుకున్నాక నా చూపు కిందికి దిగుతుంది. టైమింగ్ కవరు వెనక, గుప్పిట్లో ఇమిడే లోహపు ముద్ద ఒకటుంది. అది ఆయిల్ పంపు. పాత రేసు ఇంజన్లను ఇవాళ్టికీ పూర్తి వేగంతో పరుగెత్తించేవాళ్లలో కొందరు అరిగిన పంపును పక్కన పెట్టి, తమ ఇంజను ఆకలికి తగ్గట్టు కొత్తది చేసుకుంటారు. యంత్రశిల్పంలో ఇంతకన్నా సూక్ష్మమైన పని నాకు తెలియదు.

ఒక గూట్లో రెండు గేర్లు. ఒకటి తిప్పుతుంది, ఇంకోటి తిరుగుతుంది. రెండూ పళ్లు కలిపే చోటునుంచే నూనె దూరి వస్తుందని తొలిసారి చూసిన కన్ను నమ్ముతుంది. నిజానికి ఆ నడిమి దారి మూసే ఉంటుంది. పళ్లు విడిపోయే వైపు ఖాళీ పుడుతుంది, ట్యాంకులోని నూనె ఆ ఖాళీలోకి వచ్చి చేరుతుంది. ఒక్కో పంటి సందులో కొంచెం కొంచెంగా చిక్కుకుని, గోడను ఒరుసుకుంటూ బయటి దారిన అర్ధప్రదక్షిణ చేస్తుంది. అవతలి వైపు పళ్లు మళ్లీ కలుసుకుంటాయి. నిలవడానికి చోటు లేక నూనె ముందుకు సాగుతుంది. పిచ్ వ్యాసం 20 మిల్లీమీటర్లు, ఒక్కోదానికి 10 పళ్లు, వెడల్పు 8 మిల్లీమీటర్లు అనుకుంటే, ఒక చుట్టుకు కదిలేది లెక్క ప్రకారం సుమారు 2 ఘనసెంటీమీటర్లు. నిమిషానికి 1000 చుట్లు తిరిగితే 2 లీటర్లు. పళ్లు పనిముట్లే, మోసేది మాత్రం పళ్ల మధ్య ఉన్న లేమి. పంపు చేసేవాడు చెక్కుతున్నది ఉక్కును కాదు, ఉక్కు లేని చోటును.

ఈ కళకు గుండెకాయ గేర్ల ముఖానికీ మూతకూ మధ్య ఉండే సందు. వెంట్రుక మందం కన్నా తక్కువ. అది అసలే లేకపోతే గేర్లు పట్టేస్తాయి. కాస్త ఎక్కువైతే ముందుకు పోవలసిన నూనె వెనక్కి జారుతుంది, అదీ సందు ఘనానికి అనుపాతంగా: సందు రెట్టింపైతే జారుడు ఎనిమిది రెట్లు. ఇక వేడి సంగతి. గూడు అల్యూమినియం, గేర్లు ఉక్కు అయితే, ఒకే వేడికి అల్యూమినియం దాదాపు రెండింతలు వ్యాకోచిస్తుంది. 20 మిల్లీమీటర్ల వెడల్పున్న గేర్లకు చల్లగా ఉన్నప్పుడు 0.04 మిల్లీమీటరు సందు వదిలారనుకోండి. పంపు మరో 80 డిగ్రీలు వేడెక్కేసరికి అది సుమారు 0.058 అవుతుంది. ఆ కాస్తకే జారుడు మూడింతలు. పైగా అప్పటికి నూనె కూడా పలచబడి ఉంటుంది. అందుకే తెలిసినవాడు తేలిక బరువు ఆశ వదులుకుని గూటికి పోత ఇనుము ఎంచుకుంటాడు. అది ఉక్కుతో ఇంచుమించు సమానంగా పెరుగుతుంది, సమానంగా తగ్గుతుంది. ఔచిత్యాన్ని కావ్యానికి ప్రాణంగా చెప్పిన క్షేమేంద్రుడు ఈ లోహాల ఎంపిక చూస్తే మెచ్చుకునేవాడని నా నమ్మకం.

చివరి మెరుగు యంత్రంతో రాదు, చేతితోనే. మట్టమైన గాజు పలక మీద సన్నని ఎమెరీ కాగితం పరిచి, నూనె చుక్క వేసి, మూతను ఎనిమిది ఆకారంలో రుద్దుతారు. నీలిరంగు పూసి ఎక్కడ తగులుతోందో చూస్తారు. మళ్లీ రుద్దుతారు. స్క్రూలు బిగించి ఇరుసును వేళ్లతో తిప్పితే అది పట్టకూడదు, వదులుగా గిరగిరా తిరగనూకూడదు. నూనెలో తిరుగుతున్న ఒక మెత్తని బరువు వేళ్లకు తెలియాలి. ఆ స్పర్శలో నాకు రసానుభూతి ఉంది, ఆ మాట తేలిగ్గా అనడం లేదు.

మూత లోపలి ముఖాన రెండు చిన్న గుంటలుంటాయి. రెండు పళ్ల జతలు ఒకేసారి కలిసిన క్షణాన వాటి నడుమ కొద్దిపాటి నూనె బందీ అవుతుంది. నూనె నలగదు. దారి ఇవ్వకపోతే ఇరుసును ఒక పక్కకు తోసి బుష్షును తినేస్తుంది. ఆ గుంటలు దానికి తప్పించుకునే దారి. రెండూ మరీ దగ్గరైతే రాబడి వైపూ పోబడి వైపూ కలిసిపోతాయి, మరీ దూరమైతే బందీకి విడుదల లేదు. మొత్తం పంపులో నాకు అన్నిటికన్నా అందంగా కనిపించేది ఈ రెండు గుంటలే.

అదే ఇరుసు మీద మరో గేర్ల జత, ఇంకా వెడల్పుగా. మొదటి జత ట్యాంకు నుంచి ఇంజనుకు పంపితే, రెండోది క్రాంక్‌కేసు అడుగున చేరిన నూనెను తిరిగి ట్యాంకుకు లాగుతుంది. ఇచ్చిందానికన్నా తెచ్చుకునే శక్తి ఎక్కువ ఎందుకు? తిరిగొచ్చేది వట్టి నూనె కాదు, ఫ్లైవీళ్లు చిలికిన నురగ. ట్యాంకు మూత తీసి చూస్తే నూనె గొట్టంలోంచి ఎక్కిళ్లు పెడుతూ, తెంపులు తెంపులుగా పడుతుంది. ఆ తెంపులే ఆరోగ్యం. పంపు అడుగుదాకా తోడేసి, మధ్యమధ్య గాలి మింగుతోందన్నమాట.

ఈ ఇంజన్లు ఎన్నో ఏళ్లు తాగింది ఆముదం. క్యాస్ట్రాల్ అనే పేరులో ఇంగ్లీషు ఆముదమే ఉంది. మన పాలమూరు, నల్లగొండ మెట్ట చేలలో పండే గింజల నూనెకు ఒక గుణముంది: కాలే లోహాన్ని పట్టుకుని వదలదు. చల్లగా ఉంటే మాత్రం మహా చిక్కన, ఖనిజ నూనెతో సరిగా కలవదు, నిలవుంటే జిగురు కడుతుంది. కాబట్టి పంపు చేసేవాడు లాగుడు దారిని విశాలంగా, మలుపులు తక్కువగా ఉంచుతాడు. తోసే వైపు ఇరుకైనా సాగుతుంది, లాగే వైపు ఇరుకైతే పంపు నిస్సహాయం.

బండి రోజుల తరబడి ఆగి ఉంటే ట్యాంకులోని నూనె ఆ 0.04 మిల్లీమీటరులోంచే మెల్లగా క్రాంక్‌కేసులోకి దిగిపోతుంది. దాన్ని ఆపాలని కొందరు లాగుడు గొట్టానికి కుళాయి బిగిస్తారు, కొందరు స్ప్రింగు గోళీ వాల్వు పెడతారు. రెండూ నాకు నచ్చవు. కుళాయి తిప్పడం మరిచిన రోజు ఇంజను పట్టేస్తుంది, గోళీ సరిగ్గా లాగే దారికే అడ్డం పడుతుంది. రేసు బండికి ఆ బెడద అవసరమే లేదు. పోటీ అయ్యాక ట్యాంకులోని నూనె దించేసి, మళ్లీ బయల్దేరేముందు తాజా నూనె పోసి, అది గొట్టం నిండా దిగిందని చూసుకుంటే చాలు.