ప్రభల తీర్థం – సమాన్ నృత్యం: స్థలాంతర ప్రదర్శనలో శ్రమ, స్వరం

సామూహిక ప్రదర్శన పుట్టిన నేలను విడిచి మరో వేదిక ఎక్కినప్పుడు అసలుదనం పోయిందన్న ఫిర్యాదు జానపద పరిశోధనలో తరచు వినిపిస్తుంది. ఏది పోయిందో చెప్పని ఫిర్యాదు విమర్శ కాజాలదు.

2023 గణతంత్ర దినోత్సవాన ఢిల్లీ కర్తవ్యపథంలో ఆంధ్రప్రదేశ్ శకటం కోనసీమ ప్రభల తీర్థాన్ని ప్రదర్శించింది. వెదురు చట్రం, రంగు వస్త్రాలు, గంటలు వంటి కంటికి కనిపించే అంశాలన్నీ శకటం మీదికి ఎక్కగలవు. అయితే అంబాజీపేట మండలంలోని జగ్గన్నతోటలో కనుమనాడు పదకొండు గ్రామాల రుద్రులు కలుసుకునే ఘట్టంలో ప్రభ చూడవలసిన రూపం మాత్రమే కాదు, మోయవలసిన బరువు. గంగలకుర్రు, గంగలకుర్రు అగ్రహారం ప్రభలను యువకులు భుజాలకెత్తుకొని కౌశిక నీటిలో దిగి దాటిస్తారు. దారిలో పచ్చని చేను తొక్కుడు పడినా రైతు కాదనడు. అప్పుడు వినిపించే ‘శరభా’ అన్న కేక భక్తి నినాదమే అనుకుంటే సగమే విన్నట్లు. పదుల మంది అడుగులను ఒక్క అడుగుగా కలిపే తాళం అది. వాహనం మోసే ప్రభకు ఆ కేకతో పనిలేదు.

ఇండోనేషియాలోని అచే ప్రాంతానికి చెందిన గాయో ప్రజల సమాన్ నృత్యంతో పోల్చితే ఈ భేదం స్పష్టమవుతుంది. తక్షణ సంరక్షణ అవసరమైన వారసత్వంగా యునెస్కో 2011లో గుర్తించిన కళ ఇది. పురుషులు ఒకే వరుసలో భుజానికి భుజం ఆనించి మోకాళ్లపై కూర్చుంటారు. పాడుతూనే చప్పట్లు చరుస్తారు, రొమ్మును, తొడలను తట్టుతారు. వాద్యం ఉండదు. వరుస నడుమనున్న నాయకుని పాటే అందరికీ నడక. కనుక ఏ దేశపు వేదికనెక్కినా వాద్యమైన దేహం వెంటనే ఉంటుంది. చెదిరేది పేరు. అచేకే చెందిన రాతో జారో స్త్రీల నృత్యం. అందులో ప్రధాన గాయకులు వరుసకు వెలుపల ఉంటారు, డప్పు కూడా మోగుతుంది. అయినా పరదేశాల్లో అది తరచు ‘సమాన్’గానే చలామణి అవుతోంది. 2018 జకార్తా ఆసియా క్రీడల ప్రారంభోత్సవంలో సుమారు 1,600 మంది విద్యార్థినులు ప్రదర్శించినదీ రాతో జారోయే.

ప్రభ విషయంలో జరిగింది దీనికి తలకిందులు. పేరు చెదరకుండా ఢిల్లీ చేరింది; భుజం మాత్రం చేలగట్టునే నిలిచిపోయింది. శకటాన్ని తప్పుపట్టడం ఇక్కడ ఉద్దేశం కాదు, అది చేయగలిగినది అంతే. కాని ప్రభ ఎత్తు, రంగులు, అలంకరణల వద్దే ఆగిపోయే వర్ణనాత్మక పరిశోధన కూడా చేస్తున్నది శకటం పనే. భుజం మార్చుకునే క్షణంలో కేక ఎవరి గొంతు నుండి మొదలవుతుంది, నీటిలో దిగాక దాని లయ ఎలా మారుతుంది అన్నవి ముందుగా నమోదు చేయవలసిన అంశాలు.