ఆరో నాటి అలక, కేస్లాపూర్ దర్బారు

దసరా నుంచి సంక్రాంతి దాకా పండుగల కాలం. ఈ రోజుల్లోనే ఒక సలహా కూడా ఎక్కువగా వినిపిస్తుంది. కంచంలో అన్నం ఉంది, నల్లాలో నీళ్లున్నాయి, ఇంట్లో నలుగురు మనుషులున్నారు, దానికి దండం పెట్టుకో, ఇంకేం అడగకు అంటారు. దండం పెట్టుకొమ్మంటే నాకు పేచీ లేదు. ఆ చివరి మాటతోనే పేచీ. అన్నానికీ నీళ్లకూ మొక్కడం మా ఉత్తర తెలంగాణకు ఎవరూ నేర్పనక్కర్లేదు. కానీ ఇక్కడి మొక్కు నోరు మూసుకోవడంతో ముగియదు. ఈ మాట రుజువు చేయడానికే కరీంనగర్ బతుకమ్మనూ ఆదిలాబాద్ నాగోబా జాతరనూ పక్కపక్కన పెడుతున్నాను.

బతుకమ్మ భాద్రపద అమావాస్య అయిన పెత్రమాస నాడు మొదలై దసరాకు ముందు ముగుస్తుంది. నాగదేవుడైన నాగోబా మహాపూజ పుష్య అమావాస్య రాత్రి జరుగుతుంది. ఈ రెంటి మధ్యనే మక్కలు, వడ్లు, పత్తి ఇళ్లకు చేరతాయి. ఒకటి పంట చేతికందే ముందరి పండుగ, ఇంకొకటి పంట ఇల్లు చేరిన తర్వాతి పండుగ. మొదటిది ఆడవాళ్లది, ఊరు మొత్తానిది. రెండోది ప్రధానంగా ఒక వంశానిది, మెస్రం గోండులది. ఈ రెండింటి మీద వచ్చిన రాతల్లో చాలా వరకు బతుకమ్మను పూల అందంగానూ నాగోబాను అడవి వింతగానూ చూపించి వదిలేశాయి. తిండి, నీళ్లు, పొయ్యి, ఇంటికొచ్చిన మనిషి అనే నాలుగు రోజువారీ ఆధారాలను ఇవి ఎట్లా గౌరవిస్తాయో పోల్చినవి తక్కువ.

రెండూ చచ్చిపోయినవాళ్లతోనే మొదలవుతాయి. పెత్రమాస నాడు పొద్దున పెద్దలకు బియ్యం ఇచ్చి, సాయంత్రం ఎంగిలిపూల బతుకమ్మ ఆడతారు. మెస్రం వాళ్లు గోదావరి నీళ్లతో తిరిగొచ్చాక, ఆ ఏడాది కాలం చేసిన తమవాళ్ల పేరున తూమ్ పూజలు చేస్తారు. ఈ భూమిని దున్ని, బావి తవ్వి వెళ్లినవాళ్లను తలుచుకోకుండా తమ సుఖాన్ని లెక్కపెట్టుకోరు.

ఇక నీళ్లు. పోలిక అసలు ఇక్కడ పదునెక్కుతుంది. కరీంనగర్ వైపు ఆడవాళ్లు ఇంట్లో పేర్చిన బతుకమ్మను తలకెత్తుకుని చెరువుకో వాగుకో మానేరు గట్టుకో పోతారు. ఆడి, పాడి, నీళ్లలో వదిలి, పసుపు గౌరమ్మను మాత్రం తీసుకుని వస్తారు. నాగోబా గుడి ఉన్న కేస్లాపూర్‌లో నడక ఇందుకు ఎదురు. మెస్రం పెద్దలు తెల్లబట్టలు కట్టి, కాళ్లకు చెప్పుల్లేకుండా, ఊరూరా ఆగుతూ జన్నారం మండలం కలమడుగు దగ్గర గోదావరిలోని హస్తినమడుగు దాకా పోయి, ఝరి అనే పాత్రలో నీళ్లు పట్టి తెస్తారు. ఆ నీళ్లతోనే నాగోబాకు అభిషేకం. కరీంనగర్ ఆడబిడ్డ తన దగ్గరున్నది నీళ్లకు ఇచ్చి వస్తుంది. మెస్రం మనిషి అన్ని రోజులు నడిచి పోయి నీళ్లను అడిగి తెచ్చుకుంటాడు. మానేరు కూడా మంథని మండలంలో గోదావరిలోనే కలుస్తుంది కాబట్టి, ఇద్దరూ మొక్కేది ఒకే నదికి.

ఇద్దరిలో ఎవరి మొక్కు బరువైనదని అడిగితే, ఈ ఒక్క విషయంలో మెస్రం వాళ్లదే అంటాను. నల్లా తిప్పగానే నీళ్లు వచ్చే కాలంలో కూడా వాళ్లు ఒక ఝరి నీళ్లకు అంత దూరం నడుస్తున్నారు. నీళ్ల వెనుక దూరం ఉందని ఒళ్లు మరిచిపోకుండా చూసుకుంటున్నారు. మా వైపు ఆ ఎరుక పలచబడింది. అయితే మా నీళ్లకు ఇంకో బరువు వచ్చి పడింది. మిడ్ మానేరు జలాశయం నిండినప్పుడు వేములవాడ, బోయినపల్లి వైపు ఊళ్లకు ఊళ్లు మునిగాయి. పునరావాస కాలనీకి చేరిన ఆడబిడ్డ తన పుట్టింటిని ముంచిన నీళ్లకే బతుకమ్మను అప్పగించాలి. ఆమెతో ‘నీళ్లొచ్చాయి కదా, సంతోషించు’ అనడానికి నాకు నోరు రాదు.

తిండి దగ్గర మాత్రం బతుకమ్మదే పైచేయి. తొమ్మిది రోజుల్లో చాలా రోజులకు తిండి పేరే పెట్టారు. అటుకుల బతుకమ్మ, ముద్దపప్పు బతుకమ్మ, నానబియ్యం బతుకమ్మ, అట్ల బతుకమ్మ, వెన్నముద్దల బతుకమ్మ. ఏడో నాడు పిండిని వేపకాయల్లాగ చేసి వేయించుతారు. చివరి రోజు సద్దులు. పెరుగన్నం, చింతపండు పులిహోర, నిమ్మకాయ, కొబ్బరి, నువ్వుల అన్నం. వీటితో పాటు మక్కల సత్తుపిండి, రొట్టె బెల్లం కలిపి ముద్ద చేసిన మలీద. ఒక్కటి కూడా రాజుల వంటింటిది కాదు. పొలం నుంచి, గడంచె కింది గుమ్మి నుంచి, పాడి బర్రె నుంచి వచ్చినవే. పప్పు ముద్దగా ఉడకడం, బియ్యం నానడం కూడా పండుగ పేరుకు తగినవని మా అమ్మమ్మల కాలం నుంచి ఆడవాళ్లు నిర్ణయించి పెట్టారు. పూలదీ అదే తీరు. గునుగు చేన్లో కలుపు మొక్క, రైతు పీకి గట్టు మీద పారేసేది. తంగేడు బీడులో ఎవరూ నీళ్లు పోయకుండా పెరిగేది. ఎవరూ ధర కట్టని వాటిని తెచ్చి తాంబాలంలో గోపురం కట్టి, గుమ్మడి పువ్వుతో గౌరమ్మను నిలబెడతారు. రోజూ కాళ్ల కింద పడే వస్తువును తలమీదికి ఎత్తుకున్న పండుగ ఇంతకంటే ఇంకొకటి నాకు తెలియదు.

కేస్లాపూర్‌లో ఇన్ని రుచులు లేవు. అక్కడ ఉన్నది పొయ్యి. జాతరకు మెస్రం కుటుంబాలు కచ్చురాల మీద, ఇప్పుడు ట్రాక్టర్ల మీద కూడా, ఎన్ని వందలు వచ్చినా వాళ్లు బస చేసే గోవాడలో పొయ్యిలు 22 మాత్రమే. వంశంలోని 22 శాఖలకు లెక్క అది. వంతు వచ్చేదాకా ఆగి, ఆ పొయ్యిల మీదే అందరూ వండుకోవాలి. పూజకు కావలసిన కుండలు సిరికొండ కుమ్మరుల దగ్గర నుంచే రావాలి. పుష్య మాసంలో ఆదిలాబాద్ చలి ఎట్లా ఉంటుందో ఆ రాత్రులు గడిపినవాళ్లకు తెలుసు. తెలంగాణలో అతి తక్కువ ఉష్ణోగ్రతలు నమోదయ్యే ఊళ్లు చాలా వరకు ఈ పాత జిల్లాలోనివే. ఆ చలిలో, ఆకలి మీద, మనిషి తన పొయ్యి తాను రాజేసుకోవాలనుకోవడం సహజం. వంశం అందుకు ఒప్పుకోదు. ఇంట్లో రోజూ ఎవరికి వాళ్లు వెలిగించుకునే మంట ఇక్కడికొచ్చేసరికి పదిమంది వంతులు వేసుకునే మంట అవుతుంది. బతుకమ్మ వండిన పదార్థాన్ని పంచుతుంది, నాగోబా వండే చోటునే పంచుతుంది. రెండోది కష్టం. ఫలహారం చేతుల్లో పెట్టడం వేరు, నా పొయ్యి మీద ముందు నువ్వు వండుకో అనడం వేరు. ఒక్క అపార్ట్‌మెంట్‌లో ఇరవై వంటిళ్లు తలుపులు వేసుకుని ఉండే కరీంనగర్‌లో కూర్చుని ఈ 22 పొయ్యిల గురించి నేను ఎంతో కాలంగా ఆలోచిస్తున్నాను.

ఇంటికొచ్చే మనిషి విషయంలో ఇద్దరూ రెండు వైపుల నుంచి ఒకే గడప దగ్గరికి వస్తారు. బతుకమ్మ అత్తగారింటి నుంచి తిరిగొచ్చే ఆడబిడ్డ పండుగ. నాగోబా జాతరలో భేటింగ్ అంటే పెళ్లయి వచ్చిన కోడళ్లకు తెల్ల చీరలు కట్టించి, పెద్దలకు, దేవుడికి చూపించడం. అది జరిగాకే ఆమె వంశం పూజల్లో మనిషి. కానీ మెస్రం వాళ్లు ఆడపడుచును కూడా మరవలేదు. కోనేటి నీళ్లు తెచ్చి, మట్టి కలిపి, పుట్టలు చేసే పని ఆడబిడ్డలది, అల్లుళ్లది. వాళ్ల చేయి పడకుండా పూజ సాగదు. మా బతుకమ్మలో కోడలికి అంత స్పష్టమైన చోటు లేదు. కూతురు పుట్టింట్లో ఆడుతుంటే ఈ ఇంటి కోడలు వంటింట్లో సద్దులు కలుపుతుండటం ఇప్పటికీ కనపడుతుంది. జగిత్యాల, సిరిసిల్ల వైపు భర్త దుబాయిలోనో మస్కట్‌లోనో ఉన్న ఇళ్లలో, ఆ కోడలే ఇంటిని నిలబెట్టిన మనిషి. ఆమెను కూడా ఊరి ముందు నిలబెట్టి ‘ఈమె మా మనిషి’ అని చెప్పే ఒక సాయంత్రం మా పండుగలో లేకపోవడం లోటే.

ఇప్పుడు నన్ను ఈ పోలికకు దింపిన విషయానికి వస్తాను. తొమ్మిది రోజుల పండుగలో ఆరో నాడు బతుకమ్మ అలుగుతుంది. ఆ రోజు పేర్చరు, ఆడరు, నైవేద్యం పెట్టరు. అలిగిన బతుకమ్మ అనే పేరుతో ఆ రోజును పండుగ లెక్కలోనే ఉంచారు. ఎందుకు అలిగిందన్న దానికి ఊరికో కథ చెబుతారు. కథల కంటే నాకు ఆ ఖాళీ రోజే ముఖ్యం. పూలకూ తిండికీ నీళ్లకూ మొక్కే పండుగ నడుమ, మనసు నొచ్చుకునే హక్కుకు ఒక తిథి కేటాయించారు. అలిగినందుకు అమ్మవారిని ఎవరూ కృతజ్ఞత లేనిదనలేదు. ఏడో నాడు మళ్లీ తాంబాలం సర్దుతారు. వేములవాడలో అయితే ఆ ఏడో నాడే సద్దుల బతుకమ్మ, అంటే అలక తీరగానే పండుగ శిఖరం.

కేస్లాపూర్‌లో ఈ పని దర్బారు చేస్తుంది. 1940లో జోడేఘాట్‌లో గోండు నాయకుడు కుమ్రం భీం నేలకొరిగాక, గోండుల కోపానికి కారణమేమిటో తెలుసుకోవడానికి నిజాం ప్రభుత్వం మానవ శాస్త్రవేత్త హైమన్‌డార్ఫ్‌ను పంపింది. ఆయన, భార్య బెట్టీ ఎలిజబెత్ మార్లవాయిలో ఉండి, వాళ్ల భాష, వాళ్ల భూమి గొడవ అర్థం చేసుకున్నారు. కచేరీల దాకా పోలేని గోండులు ఏటా ఎట్లాగూ కేస్లాపూర్‌కు వస్తారు కాబట్టి, అధికారులే అక్కడికి వచ్చి వాళ్ల మాట వినాలన్న ఆలోచనతో 1940లలో దర్బారు మొదలైంది. నేటికీ జాతర రోజుల్లోనే జరుగుతుంది. పట్టాల గురించి, పోడు గురించి, కవ్వాల్ పులుల అభయారణ్యం ఆంక్షల గురించి, రోడ్డు లేని గూడెం గురించి అక్కడే అడుగుతారు. అంటే దేవుడికి దండం, సర్కారుకు నిలదీత, రెండూ ఒకే ప్రాంగణంలో. ఝరితో తిరిగొచ్చే మెస్రం వాళ్లు ఇంద్రవెల్లిలో ఇంద్రాయి దేవి దగ్గర ఆగి పూజ చేసి కేస్లాపూర్ చేరతారు. 1981 ఏప్రిల్ 20న భూమి అడగడానికి వచ్చిన ఆదివాసుల మీద పోలీసులు కాల్పులు జరిపింది ఆ ఇంద్రవెల్లిలోనే. అధికారుల లెక్కలోనే 13 మంది చనిపోయారు. ఆ నేల మీదుగా గోదావరి నీళ్లను కృతజ్ఞతగా మోసుకుపోతున్న మనుషులకు తృప్తి గురించి ఎవరు ఏం బోధిస్తారు?

మట్టి ఇచ్చినదానికి మొక్కడం, మనిషి ఇవ్వాల్సింది అడగడం. ఈ రెండింటినీ కలగాపులగం చేయకపోవడమే రెండు పండుగల తెలివి. కలిపేసినప్పుడు ఏమవుతుందో 2017లో చూశాం. ఆ ఏడు ప్రభుత్వం తొలిసారి బతుకమ్మ చీరలు పంచింది. నాసిరకం చీరలని కొన్ని చోట్ల ఆడవాళ్లు వీధుల్లో కాల్చారు. ఊరికే ఇచ్చినదానికి వంక పెడతారా అని వాళ్లను తిట్టినవాళ్లున్నారు. ఆ తిట్టు తప్పు. చీరల ఆర్డరు సిరిసిల్ల మరమగ్గాలకు పని పెట్టిన మాట నిజం, అది మంచి పని. అయినా చీర తంగేడు పువ్వు కాదు. ప్రజల డబ్బుతో కొన్నది. బాగలేకపోతే బాగలేదని చెప్పవచ్చు.

లోపాలు రెండింటికీ ఉన్నాయి. బతుకమ్మ 2014లో రాష్ట్ర పండుగ అయినప్పటి నుంచి దాని గొంతు పెరిగింది, చెవి తగ్గింది. డీజే మోతలో ఆడవాళ్ల పాట వాళ్లకే వినపడటం లేదు. కలుపు మందులతో గునుగు, ప్లాట్లతో తంగేడు బీళ్లు పోయి, పట్నంలో పూలు కట్టల లెక్కన కొంటున్నాం. కొని తెచ్చినా తప్పులేదు, కానీ ఏది ఎక్కడ పూస్తుందో పిల్లలకు తెలియకుండా పోతున్నది. కొన్ని ఊళ్లలో వాడకో బతుకమ్మ, దాని వెనుక కులం గీత ఇంకా ఉంది. అలక అసలు పోయింది. ఆరో నాడు సెలవు దినం లాగ దాటిపోతున్నాం. నాగోబా పరిధి వంశం దగ్గర ఆగుతుంది, బయటివాళ్లకు జాతరే మిగులుతుంది. దర్బారు కూడా కొన్నేళ్లుగా పెద్దల ప్రసంగాలతో నిండి, అర్జీ పట్టుకున్న మనిషి చివరికి మిగులుతున్నాడు. కానీ మెస్రం వాళ్లు తమ గుడిని ఇంటింటి చందాలతో తామే కొత్తగా కట్టుకుని 2022 డిసెంబర్‌లో ప్రారంభించుకున్నారు. కృతజ్ఞతను ఎవరి చేతికీ అప్పగించకుండా ఉంచుకోవడానికి ఆ పని ఎంత తోడ్పడిందో, మా బతుకమ్మ వైపు నుంచి చూస్తే బాగా అర్థమవుతుంది.

నా తీర్పు ఇది. రోజువారీ సుఖాన్ని గుర్తుపట్టే కన్ను బతుకమ్మకు ఎక్కువ, ఆ సుఖం వెనుక కష్టాన్ని ఒంటి మీద మోసే ఓపిక నాగోబాకు ఎక్కువ. అడిగే హక్కును కాపాడుకోవడంలో కేస్లాపూర్ ఇంకా నిలబడి ఉంది, కరీంనగర్ వెనుకబడింది.

పెత్రమాసకు మీ ఇంటికి ఆడబిడ్డ వస్తుంది. మక్కల సత్తు చేయండి, గట్ల మీదికి పిల్లలను తీసుకుపోయి గునుగు ఏదో చూపించండి. ఆరో నాడు మాత్రం పొయ్యి పని కాసేపు ఆపి, ఆమెనూ, ఇంటి కోడలినీ కూర్చోబెట్టి, ఏం తక్కువైందో అడగండి. వాళ్లు చెప్పడం పూర్తయ్యేదాకా లేవకండి. పుష్య మాసంలో కేస్లాపూర్ దర్బారుకు వెళ్లే అధికారులకు కూడా నా విన్నపం ఇదే.