సూర్యప్రకాశ్ చిత్రములలో సమృద్ధి, కలవరము

అలంకారప్రధానములైన చిత్రములపై విమర్శకులు తఱచుగా ఒక ఆక్షేపణము చేయుదురు. అవి కన్నులకు విందు చేయునే గాని మనస్సును కదలింపజాలవని వారి వాదము. ఈ ఆక్షేపణము శ్రీ సూర్యప్రకాశ్ తామరకొలనుల చిత్రములకు ఎంతవఱకు వర్తించునో పరిశీలింపవలసియున్నది.

సూర్యప్రకాశ్ 1940లో మధిరలో జన్మించిరి. నాడు మధిరయు రాయచూరును ఒకే హైదరాబాదు రాజ్యములోనివి. 1956లో రాష్ట్రముల పునర్వ్యవస్థీకరణముతో వేఱుపడినవి. హైదరాబాదు లలితకళాశాలలో విద్య నభ్యసించి, పిమ్మట ఢిల్లీలో రాంకుమార్ వద్ద కొంతకాలము పనిచేసిరి. 2019లో దివంగతులైరి.

వారి తొలినాటి ప్రసిద్ధచిత్రములకు వస్తువు పువ్వులు కావు; పాఱవైచిన మోటారుబండ్ల తుక్కు. త్రుప్పుపట్టిన యినుము, నలిగిన రేకులు, మనుష్యుడు వాడి విడిచిన యంత్రముల శిథిలములు అందు గోచరించును. తరువాత వారి దృష్టి ప్రకృతివైపు మఱలెను. తామరాకులు, పువ్వులు, రాలిన యాకులు, నీటిలో చెట్ల నీడలు చిత్రఫలకమును నింపివైచినవి.

ఈ మార్పును కొందఱు శిథిలమునుండి సౌందర్యమునకు జరిగిన ప్రయాణమని తలంతురు. అది అర్ధసత్యము మాత్రమే. నాటి త్రుప్పు వర్ణమే నేటి యెండుటాకు వర్ణమైనట్లు తోచును. పెక్కు చిత్రములలో గట్టు లేదు, దిగంతరేఖ లేదు. ఏది యాకో, ఏది నీడయో తేల్చుకొనలేక చూపు నీటిపై తేలియాడును. సమృద్ధి కలదు గాని కాలూనుటకు నేల లేదు. కలవరము పుట్టునది ఇచ్చటనే.

ఫ్రెంచి చిత్రకారుడు మోనే కలువలతో పోల్చినచో ఇది స్పష్టపడును. మొదటి ప్రపంచయుద్ధకాలమున మోనే తన కొలనునే చిత్రించుచుండెను. శుక్లములచే చూపు మందగింపగా 1923లో శస్త్రచికిత్స పొందెను. ఆ కలువల వైభవము వెనుక చూపు పోవునను భయము దాగియున్నది. సూర్యప్రకాశ్ హైదరాబాదులోని ఎల్.వి. ప్రసాద్ నేత్రవైద్య విజ్ఞానసంస్థలో ఆస్థానచిత్రకారులుగా నుండిరి. చూపు కొఱకు వచ్చినవారి నడుమ ఇట్టి చిత్రములుండుట సార్థకమే.

అయినను దోషము లేకపోలేదు. ఒకే కొలను మఱల మఱల చిత్రింపబడినపుడు సమృద్ధి అలవాటుగా మాఱి, కలవరము సన్నగిల్లును. అట్టి చోట్ల పై యాక్షేపణము నిలుచును. త్రుప్పు జ్ఞాపకము మిగిలియున్న చిత్రములయం దది నిలువదు.

కృష్ణా తుంగభద్రల నడుమ నుండియు అనావృష్టి నెఱిగిన రాయచూరు సీమవారికి ఈ భావము క్రొత్త కాదు. నిండిన చెరువును చూచి సంతసించు రైతు మనస్సున, నెఱ్ఱెలు వాఱిన వేసవి చెరువును మెదలుచుండును. ఆ రెండు చెరువులను ఒకే ఫలకముపై చూపగలిగినపుడు అలంకారము కేవలాలంకారము కాదు, అది అనుభవము.