గవరయ్య సీసా: 'కన్యాశుల్కము'లో దయ్యము, ఒక పరిశీలన

గురజాడ అప్పారావుగారి 'కన్యాశుల్కము'లో పూజారి గవరయ్య సీసాతో కనబడగానే చదివేవారందరూ నవ్వుతారు. 1892లో తొలిసారి ప్రదర్శింపబడి, 1897లో అచ్చయి, 1909లో ఎంతో మార్పుతో మళ్లీ వెలువడిన ఈ నాటకంలో గురజాడ దయ్యాల నమ్మకాన్ని ఎగతాళి చేశారని విమర్శకులు సాధారణంగా చెబుతారు. ఆ మాట నిజమే గాని, అది సగమే.

కథను ఒకసారి జ్ఞాపకం చేసుకుందాం. లుబ్ధావధాన్లు డబ్బిచ్చి పెళ్లాడిన పిల్ల నిజానికి ఆడవేషం వేసిన కుర్రవాడు, కరటకశాస్త్రి శిష్యుడు. పెళ్లి తరువాత 'పెళ్లికూతురు' మాయమవుతుంది. ముసలాయనే చంపాడన్న అనుమానం పుడుతుంది. అప్పుడు గవరయ్య ఆమె మనిషే కాదనీ, కామినీ పిశాచమనీ, దానిని సీసాలో బంధించాననీ అంటాడు. ఆ సీసా ఎవరికి పనికి వస్తున్నదో గమనించాలి. పిల్ల పిశాచమైతే హత్య లేదు. హత్య లేకుంటే కేసు లేదు. ఇక్కడ దయ్యం భయం మాత్రమే కాదు, జవాబు చెప్పవలసినవాడికి దొరికిన సాకు కూడా.

అపొస్తలుల కార్యములు 16వ అధ్యాయములో సోదె చెప్పే దాసి విషయమూ ఇలాంటిదే. పౌలు ఆ ఆత్మను వెళ్లగొట్టగానే యజమానుల బాధంతా పోయిన రాబడి గురించే. లూకా ఆత్మ ఉన్నదనే వ్రాశాడు. గురజాడ నాటకంలో దయ్యం కల్పితమే. ఈ భేదం చిన్నది కాదు. అయినా లాభమెవరికి అన్న ప్రశ్న ఇద్దరి దగ్గరా ఉన్నది.

మన ప్రాంతపు కథలన్నీ ఇలా నవ్వించేవి కావు. 1757 బొబ్బిలి యుద్ధానికి ముందు విజయరామరాజుగారి చెల్లెలు అన్నకు రాబోయే ఆపదను ముందే చూసిందనీ, ఆమే పైడితల్లి అయిందనీ విజయనగరంలో చెప్పుకుంటారు. వినని హెచ్చరిక, దాని వెనుక దుఃఖం ఆ కథలో ఉన్నాయి. దానిని మూఢనమ్మకం అని ఒక్క మాటతో తోసివేసే విమర్శ నాకు తొందరపాటుగా తోస్తుంది.

ఇరవై ఏళ్ల క్రితం బొబ్బిలి దగ్గర ఒక పల్లెలో కొత్త కోడలికి దయ్యం పట్టిందని నన్ను పిలిచారు. మూడు రాత్రులు గద్దించి ప్రార్థించాను. కట్నం కోసం ఆమెను కొడుతున్నారని తరువాత పొరుగింటి అమ్మ చెప్పేదాకా నాకు తెలియదు. ఆ పిల్లను ఏం జరిగిందమ్మా అని నేను ఒక్కసారైనా అడగలేదు. గవరయ్యను చూసి నవ్వినవాడినే, ఆ ఇంటివారికి నేనూ ఒక సీసా అందించాను.

నాటకంలో ఒక లోటు కూడా చెప్పాలి. గవరయ్య మాట వల్ల ఎవరి ప్రాణమూ పోదు. మన జిల్లాల్లో చిల్లంగి చేశారన్న అనుమానంతో పేదవాళ్లను కొట్టి చంపిన సంఘటనలు ఎన్నోసార్లు పత్రికలకెక్కాయి. ఆ వార్తలు చదివినవాడికి సీసా రంగం మునుపటిలా నవ్వు పుట్టించదు.