సగంలో ఆగిన కథలు

కొడకండ్ల నుంచి పాలకుర్తి వైపు వెళ్తే బమ్మెర ఎంతో దూరం ఉండదు. అది పోతన ఊరని బడిపిల్లలకు కూడా తెలుసు. కానీ భాగవతం మొత్తం పోతన ఒక్కడే రాయలేదన్న సంగతి తెలుగు మాస్టారు గుర్తు చేస్తే తప్ప ఎవరికీ తట్టదు. అయిదో స్కంధం గంగనది. ఆరోది ఏర్చూరి సింగనది. చివరి రెండూ వెలిగందల నారయవి. తాటాకులు పాడైపోయాయని ఒక కథ. అంకితం ఇవ్వలేదన్న కోపంతో రాచకొండ ప్రభువు సర్వజ్ఞ సింగభూపాలుడు గ్రంథాన్ని పాతిపెట్టించాడని ఇంకో కథ. ఏది నిజమైనా మన చేతికొచ్చింది నలుగురు రాసిన పుస్తకం.

డ్రాగన్లు, మాంత్రికులు తిరిగే టీవీ సీరియళ్ల మీద కాలమ్ రాయడానికి కూర్చుని పోతన దగ్గర మొదలుపెట్టడం కొందరికి అతిగా కనిపించవచ్చు. కానీ ఈ పదిహేనేళ్లలో జనం మెచ్చుకుంటూ, తిట్టుకుంటూ చూసిన పెద్ద ఫాంటసీ సీరియళ్లకు వచ్చిన చిక్కు కూడా ఇదే. ఒకరు మొదలుపెట్టిన కథను ఇంకొకరు ముగించాల్సి రావడం.

‘గేమ్ ఆఫ్ థ్రోన్స్’ సంగతి చూడండి. జార్జ్ ఆర్.ఆర్. మార్టిన్ మొదటి నవల 1996లో వచ్చింది. హెచ్‌బీఓలో సీరియల్ 2011 ఏప్రిల్‌లో మొదలైంది. అదే ఏడాది జులైలో అయిదో నవల వచ్చింది. ఆరోదాని కోసం పాఠకులు అప్పటి నుంచి ఎదురుచూస్తూనే ఉన్నారు. పుస్తకం నిదానంగా నడుస్తుంటే సీరియల్ ఏడాదికో సీజన్ చొప్పున పరుగెత్తి, 2016లో ఆరో సీజన్ నాటికి దాన్ని దాటిపోయింది. ఇక ముందు చూస్తే అచ్చయిన పేజీ లేదు. నిర్మాతలు బెనియాఫ్, వైస్ ఆ రోజు వస్తుందని ముందే పసిగట్టి, మార్టిన్ ఉండే శాంటా ఫే వెళ్లి ఎవరి కథ ఎక్కడ ముగుస్తుందో ఆయన నోటనే విని వచ్చారు. అంటే వాళ్ల దగ్గర గమ్యాలున్నాయి. దారి లేదు.

తర్వాత ఏమైందో ఎపిసోడ్ల లెక్కే చెబుతుంది. మొదటి ఆరు సీజన్లకు పదేసి ఎపిసోడ్లు. ఏడో సీజన్‌కు ఏడు. ఎనిమిదో సీజన్‌కు ఆరంటే ఆరు. ఇంకా తీయండి, డబ్బిస్తామని హెచ్‌బీఓ అన్నా, తీసేవాళ్లే వద్దనుకున్నారు. మొదటి సీజన్‌లో రాజుగారి పరివారం ఉత్తరాది కోట నుంచి రాజధానికి రావడానికి ఎపిసోడ్లు పట్టింది. దారిలో సత్రాలు, పిల్లల గొడవలు, ఒక తోడేలు పిల్ల చావు. ఆ చావు ఇద్దరు అక్కచెల్లెళ్ల మధ్య ఏళ్ల తరబడి మాసిపోని మచ్చగా మిగిలింది. అదే ఏడో సీజన్‌కు వచ్చేసరికి, మంచుగోడ అవతల చిక్కుకున్నవాళ్లలో ఒకడు వెనక్కి పరుగెత్తి వెళ్లడం, అక్కడి నుంచి కాకి కబురు పట్టుకుని రాజ్యం ఆ చివరికి ఎగరడం, అక్కడి రాణి డ్రాగన్ల మీద వచ్చి వీళ్లను కాపాడడం, అన్నీ ఒక్క ఎపిసోడ్‌లోనే అయిపోయాయి. దూరం లేకుండా పోయింది. దూరంతో పాటే దారిలో పుట్టే కథా పోయింది.

2019 మేలో చివరి ఎపిసోడ్లు వచ్చాయి. ప్రజల సంకెళ్లు తెంచిన ఆ డ్రాగన్ల రాణి డెనేరిస్ చివరకు లొంగిపోయిన నగరాన్ని తగలబెట్టేసింది. చివరి సీజన్‌ను మళ్లీ తీయాలని పది లక్షల మందికి పైగా సంతకాలు పెట్టారు. ఆమె అలా మారడం తప్పని ఈ కాలమిస్టు అనుకోవడం లేదు. మార్టిన్ పుస్తకంలోనూ అదే జరగవచ్చు. ఆ మార్పుకు పదిహేను ఎపిసోడ్లు పట్టాల్సింది, రెండింటిలో కానిచ్చేశారు. పాపం, అంతా హడావుడే. ఆ సీజన్‌లోనే మధ్యయుగపు విందు బల్ల మీద ఎవరో మరిచిపోయిన కాఫీ కప్పు కూడా తెరకెక్కింది.

ఇంతకు మించిన కష్టం రాబర్ట్ జోర్డన్ పాఠకులది. ఆయన ‘వీల్ ఆఫ్ టైమ్’ మొదటి నవల 1990లో వచ్చింది. పదకొండు నవలలు రాశాక, కథ ముగియకుండానే 2007లో చనిపోయాడు. జబ్బుతో మంచాన పడ్డాక కూడా నోట్సు రాయించాడు, కొన్ని దృశ్యాలు చెప్పి పెట్టాడు. చివరి సన్నివేశం ఎలా ఉండాలో ఖాయం చేసి వెళ్లాడు. ఆయన భార్య హారియెట్ మెక్‌డూగల్ ఆ నవలలకు ఎడిటర్ కూడా. భర్త పోయాక నివాళిగా ఒక కుర్ర రచయిత రాసుకున్న నాలుగు మాటలు చదివి, మిగిలింది రాయమని అతన్నే అడిగింది. అతను బ్రాండన్ శాండర్సన్. ఒక్క పుస్తకంలో ముగుస్తుందనుకున్నది మూడు పుస్తకాలైంది. అవి 2009, 2010, 2013లలో వచ్చాయి. అతను తొందరపడలేదు. ఒక్కటే చిక్కు, మ్యాట్ అనే అల్లరి పాత్ర జోర్డన్ చేతిలో నవ్వించినట్టు అతని మొదటి పుస్తకంలో నవ్వించలేదు. పాఠకులు వెంటనే పట్టేశారు, అతనూ ఒప్పుకున్నాడు.

ఇదే కథ 2021 నవంబర్‌లో ప్రైమ్ వీడియోలో సీరియల్‌గా మొదలైనప్పుడు తెలుగు డబ్బింగ్‌తోనే వచ్చింది. కాలం చక్రమని, యుగాలు మళ్లీ మళ్లీ తిరుగుతాయని, ఒక వీరుడు మళ్లీ పుడతాడని అమెరికా ప్రేక్షకుడికి వివరించి చెప్పాలేమో. తెలుగువాళ్లకు చెప్పేదేముంది? కానీ ఆ సీరియల్‌కు మొదటి నుంచీ అన్నీ అడ్డంకులే. కొవిడ్‌తో షూటింగ్ ఆగింది. మ్యాట్ వేషం వేసిన నటుడు మధ్యలోనే వెళ్లిపోయాడు. దాంతో మొదటి సీజన్ చివరి ఎపిసోడ్లు తిరగరాయాల్సి వచ్చింది, రెండో సీజన్‌లో ఆ పాత్రకు కొత్త మనిషి వచ్చాడు. పద్నాలుగు లావుపాటి నవలల కథను సీజన్‌కు ఎనిమిది ఎపిసోడ్ల చొప్పున కుదించాలి. దానికి తోడు నవలలో లేని పెళ్లాన్ని పెరిన్ అనే పాత్రకు తగిలించి, పొరపాటున అతని చేతిలోనే చంపించారు. అతని మనసులోని బరువు మొదటి గంటలోనే కనిపించాలని అలా చేశారు. నవలలో ఆ బరువు మెల్లగా పేరుకుంటుంది. మూడో సీజన్ బాగుందని విమర్శకులు మెచ్చుకుంటున్న సమయంలోనే, 2025 మేలో, ఇక తీయబోమని అమెజాన్ చెప్పేసింది.

రాసినాయన పోయినా పుస్తకం పూర్తయింది. డబ్బున్న కంపెనీ నిక్షేపంగా ఉండగా సీరియల్ ఆగిపోయింది.

తెలుగు వాడికి ఇవన్నీ కొత్త కాదు. మన సాహిత్యం మొదలైందే సగంలో ఆగిన పుస్తకంతో. పదకొండో శతాబ్దంలో నన్నయ భారతం అరణ్యపర్వం నాలుగో ఆశ్వాసంలో, శరత్కాలపు రాత్రుల వర్ణన దగ్గర ఆగింది. పదమూడో శతాబ్దంలో తిక్కన దాన్ని ముట్టకుండా విరాటపర్వం నుంచి అందుకుని చివరిదాకా రాసేశాడు. మధ్యలో ఆ ఖాళీ అలాగే ఉండిపోయింది. పద్నాలుగో శతాబ్దంలో ఎర్రన వచ్చి పూరించాడు. దాదాపు మూడు వందల ఏళ్లు! మార్టిన్ మీద విసుక్కునేవాళ్లు ఈ లెక్క ఒకసారి చూసుకోవచ్చు.

ఎర్రన ఎలా పూరించాడన్నది ఇంకా ముచ్చటైన సంగతి. నన్నయ శరద్రాత్రి దగ్గర ఆపితే, ఎర్రన శరత్కాలపు సూర్యోదయంతో అందుకున్నాడు. రాత్రి ఒక కవిది, తెల్లవారడం ఇంకో కవిది. ఆ పైన తన పేరు వెనక్కి నెట్టుకుని, నన్నయే రాస్తున్నట్టుగా రాజరాజనరేంద్రుడి పేరు మీదనే పర్వం ముగించాడు. మొదట్లో నన్నయలా నడిచి, పోను పోను తిక్కన ధోరణిలోకి జరుగుతాడని పండితులు చెబుతారు. అతుకు ఎక్కడుందో తడిమితే తప్ప తెలియదు. శాండర్సన్‌కు జోర్డన్ నోట్సు ఉంది. ఎర్రనకు నన్నయ వదిలిపోయిన నోట్సేమీ లేదు, ఎటూ వ్యాసుడి మూలం ఉంది, కథ ఎటు పోతుందో ఊళ్లో అందరికీ తెలుసు. ఆయన తంటాలన్నీ గొంతు కలపడానికే.

ఆ మాటకొస్తే హిందీలోనూ ఇలాంటిదే జరిగింది. దూరదర్శన్‌లో 1994లో మొదలై ఆదివారాలు ఇళ్లకు ఇళ్లను టీవీ ముందు కూర్చోబెట్టిన ‘చంద్రకాంత’ గుర్తుందా? నీర్జా గులేరి తీసిన సీరియల్ అది. అఖిలేంద్ర మిశ్రా వేసిన క్రూర్ సింగ్, అతని ‘యక్కూ’ అరుపు హిందీ రాని ఇళ్లలో కూడా పిల్లల నోట నానాయి. మూలం దేవకీనందన్ ఖత్రీ 1888లో అచ్చేసిన నవల. అది చదవడానికే జనం నాగరి లిపి నేర్చుకున్నారని చెప్పుకుంటారు. ఆ ఖత్రీ చివరి నవల ‘భూతనాథ్’ పూర్తికాకుండానే 1913లో పోయాడు. మిగిలిన భాగాలు కొడుకు దుర్గాప్రసాద్ ఖత్రీ రాశాడు. ఇంట్లో మగ్గం మీద తండ్రి వదిలిన చీరను కొడుకు అందుకున్నట్టు. సీరియల్ మాత్రం నవలను ఎప్పుడో దాటిపోయి, తన దారి తాను చూసుకుంది.

మగ్గం అన్నాం కాబట్టి కొడకండ్ల సంగతి. ఇది నేతపని ఊరు. పని వెతుక్కుంటూ షోలాపూర్, భివండి, సూరత్ పోయిన కుటుంబాలు ఎన్నో. ఈ పద్మశాలీల కోసమే కథ చెప్పే కూనపులి వాళ్లు ఉన్నారు. చేతిలో చేర్యాల నకాషీలు గీసిన పటం ఉంటుంది. బట్టకు గంజి, సుద్దమట్టి, చింతగింజల జిగురు పట్టించి, ఎర్రటి నేపథ్యం మీద గడులు గడులుగా బొమ్మలు వేస్తారు. గడి తర్వాత గడి విప్పుతూ మార్కండేయుడి కథ, భావనారుషి కథ చెబుతారు. విష్ణువు నాభికమలం తూడు నుంచి దారం తీసి భావనారుషి మొదటి బట్ట నేయడం, సూర్యుడి బిడ్డ భద్రావతిని పెళ్లాడడం, రాక్షసవధ, అన్నీ అందులో ఉంటాయి. ఏ ఫాంటసీ నవలకూ తీసిపోని సరుకు.

ఆ పటంలో ఒక కిటుకుంది. బొమ్మలు ముందే గీసి ఉంటాయి, కాబట్టి ముగింపు చివరి గడిలో ఎప్పుడూ సిద్ధంగానే ఉంటుంది. కథకుడి చేతిలో ఉన్నది వేగమే. పెళ్లి గడి దగ్గర ఆడవాళ్లు లీనమైతే అక్కడే అరగంట నిలబడతాడు. పిల్లలు కునుకు తీస్తుంటే రాక్షసుడి గడి త్వరగా విప్పుతాడు. ఒగ్గుకథలోనూ అంతే. కొడకండ్ల ఉన్న జిల్లాలోనే మాణిక్యాపురంలో పుట్టిన చుక్క సత్తయ్య (2017లో కన్నుమూశారు, సంగీత నాటక అకాడమీ అవార్డు పొందినవారు) లాంటి కథకులు డోలు దెబ్బల మధ్య మల్లన్న కథను సాగదీయాల్సిన చోట సాగదీసి, దాటేయాల్సిన చోట దాటేస్తూ నడిపించేవారు. వంతపాటగాడు ‘ఆఁ, మళ్లేమైంది?’ అని అందిస్తుంటే వినేవాళ్ల ముఖాలు చూసుకుని కథను కొలిచేవారు. శాంటా ఫే నుంచి గమ్యాలు మాత్రమే తెచ్చుకున్నవాళ్లకు కరువైంది ఆ ముఖాలే. టీవీవాళ్లకు చూసేవాళ్ల ముఖం ఏడాది తర్వాత గానీ కనిపించదు. అప్పటికి సెట్లు కూల్చేసి ఉంటారు.

అయితే ముగింపు చేతిలో ఉంటే చాలా? ‘హౌస్ ఆఫ్ ది డ్రాగన్’ చూస్తే అలా అనిపించదు. 2022లో మొదలైన ఈ సీరియల్‌కు ఆధారం మార్టిన్ 2018లో అచ్చేసిన ‘ఫైర్ అండ్ బ్లడ్’. సీరియల్‌కు కావలసిన అక్కాతమ్ముళ్ల యుద్ధం అందులో చివరిదాకా ఉంది. ఈసారి దారి తెలియదన్న సాకు లేదు. అయినా రెండో సీజన్‌లో ఒక చిన్న పిల్లవాణ్ని తీసేశారు. పుస్తకంలో రాణి హెలేనా ముందు హంతకులు నిలబడి, ఇద్దరు కొడుకుల్లో ఎవరిని చంపాలో నువ్వే చెప్పమంటారు. ఆమె చిన్నవాడు మేలర్ పేరు చెబుతుంది. వాళ్లు, మీ అమ్మ నిన్నే చంపమంది అని చిన్నవాడికి చెప్పి, పెద్దవాణ్ని చంపిపోతారు. బతికిన ఆ పిల్లవాడి ముఖం చూడలేక ఆ తల్లి కుంగిపోతుంది. టీవీలో మేలర్ పుట్టనే లేదు. ఉన్నది కొడుకూ కూతురూ కవలలు. కొడుకెవరో ఆమె వేలు పెట్టి చూపిస్తుంది, అంతే.

2024 సెప్టెంబర్‌లో మార్టిన్ దీని మీద బాహాటంగా రాశారు. ఆ పిల్లవాడు లేకపోతే, అతని చావు మీద ఆధారపడిన తర్వాతి సంఘటనలన్నీ కారణం లేనివైపోతాయన్నది ఆయన బాధ. కాసేపటికే ఆ రాత తీసేశారు గానీ, అప్పటికే అభిమానులు దాచేసుకున్నారు. పుస్తకం చదవనివాళ్లకు తెరమీద ఒక పిల్లవాడు తక్కువన్న సంగతే తెలియదు. రాసేవాళ్లు మాత్రం హెలేనా విషాదం దాకా కథ వచ్చేసరికి ఆమెకు ఇంకో కారణం వెతికి పెట్టాల్సిందే.