రాక్షసులు కట్టలేదు

మా సారపాక నుంచి మణుగూరు దాటి పినపాక మండలంలోకి వెళితే జానంపేట దగ్గర రాక్షసి గుళ్లు కనిపిస్తాయి. నాలుగు వైపులా నిలువు బండలు, నెత్తిన మూత బండ, లోపల ఎముకలు ఉంచడానికి తొలిచిన రాతి తొట్టి, చుట్టూ వలయంగా గుండ్లు. ఇనుపయుగపు సమాధులివి. ఇంతేసి బండలు మనిషికి లొంగవనుకుని, జనం వాటిని రాక్షసులకు కట్టబెట్టారు.

మొదటిసారి ఆ తొట్టి అంచు తడిమినప్పుడు నాకు మా అమ్మ ఇసుర్రాయి గుర్తొచ్చింది. గంట్లు కొట్టడానికి వాడలోకి వచ్చే మనిషి ఊపిరి బిగబట్టి ఒక్కో దెబ్బా వేసేవాడు. దెబ్బ కాస్త బరువైతే పెచ్చు లేచిపోయేది. అలాంటి దెబ్బలు ఎన్ని పడితే ఒక బండ తొట్టి అయిందో!

ఇదే ఒడ్డున గోదావరి ఎగువకు పోతే, ములుగు అడవుల్లో కాటాపూర్ లాంటి చోట్ల సమాధుల పక్కన చేతులు చాచిన రాళ్లున్నాయి. ఒకే బండలో తలా చేతులూ మిగిలేలా చుట్టూ ఉన్న రాయంతా కొట్టేశారు. 1872లో జేమ్స్ ఫెర్గుసన్ పురాతన రాతి కట్టడాల మీద రాసిన తన పుస్తకంలో వాటిని క్రైస్తవ శిలువలుగా భావించాడు. ఆయన పుట్టిన స్కాట్లండ్‌లో పిక్ట్‌లనే పాత జాతివారు చెక్కిన రాళ్లు చాలావాటి మీద ఉన్నది నిజంగా శిలువే. మన రాయి శిలువ కాదు, మనిషి. స్త్రీ అని పోల్చుకునేలా చెక్కినవీ ఉన్నాయి.

ఈ అడవుల కోయల్లో పోయినవారి పేరున రాయి నిలిపి, దినాల్లో కోసిన ఆవు తోకను దానికి కట్టే ఆచారం ఉంది. హైమెన్‌డార్ఫ్ వంటి పరిశోధకులు దాన్ని నమోదు చేశారు. ఆ పాత సమాధులవారే కోయల పూర్వీకులని నేననను. కానీ రాయిని ఎలా చూడాలో నాకు ఆ ఆచారమే నేర్పింది. అది పోయిన మనిషికి గుర్తు కాదు, ఆ మనిషే మళ్లీ లేచి మన మధ్య నిలబడటం.

రాక్షసులదనుకున్న రాయిని గుప్తనిధుల కోసం పెకలించడానికి ఎవరికీ మనసు అడ్డురాదు. అది ఎవరో తమ తండ్రి కోసమో, బిడ్డ కోసమో కొట్టిన రాయని తెలిస్తే, గడ్డపార ఎత్తిన చెయ్యి ఆగుతుంది. అందుకే పిల్లల్ని అక్కడికి తీసుకెళ్లండి. ఏమీ చెప్పకముందే, ఆ తొట్టి అంచు మీద వాళ్ల చెయ్యి పెట్టించండి.