ఆగిపోయిన బ్యాక్‌హ్యాండ్

నడివయసులో టేబుల్ టెన్నిస్ మొదలుపెట్టినవాళ్లకు తొలి నెలలు పండగే. నిన్న నెట్‌కు తగిలిన బంతి ఇవాళ దాటుతుంది, రేపు మూలకు పడుతుంది. ఆ తర్వాత ఒకచోట అంతా ఆగిపోతుంది. నాకు కట్ బంతి మీద, అంటే వెనక్కి తిరుగుతూ వచ్చే బంతి మీద, కొట్టే బ్యాక్‌హ్యాండ్ టాప్‌స్పిన్ దగ్గర ఆగింది. కోచ్ బుట్టలోంచి బంతులు తీసి ఒకే చోటికి, ఒకే కట్‌తో పంపుతుంటే నా దెబ్బ ముచ్చటగా ఉంటుంది. మోకాళ్లు వంగుతాయి, బ్యాట్ తొడల మధ్య నుంచి లేస్తుంది, మణికట్టు సరిగ్గా తిరుగుతుంది. అదే దెబ్బ మ్యాచ్‌లో అయితే ఒకటి నెట్‌లోకి, ఇంకొకటి బల్ల అవతలికి. నెలలు గడిచినా ఇదే వరస.

ఈ ఆట నేర్చుకోవడానికి మా సూరత్‌లో వాతావరణానికేం కొదవ లేదు. 2018 గోల్డ్‌కోస్ట్, 2022 బర్మింగ్‌హామ్ కామన్వెల్త్ క్రీడల్లో బంగారు పతకం గెలిచిన పురుషుల జట్టులో ఆడిన హర్మీత్ దేశాయ్ ఈ ఊరివాడే. 2022 సెప్టెంబరులో జాతీయ క్రీడల టీటీ పోటీలు అఠ్వాలైన్స్‌లోని దీన్‌దయాళ్ ఉపాధ్యాయ ఇండోర్ స్టేడియంలో జరిగితే, సొంత ఊరి జనం ముందు సింగిల్స్ బంగారం అతనిదే. మా హాల్లో పిల్లలందరికీ అతనే ఆదర్శం. వాళ్లు ఖాళీ చేసిన మూల బల్ల మాలాంటి పెద్దవాళ్లకు.

సలహాలకూ కొదవ లేదు. ఎవరిని అడిగినా, "భాయ్, బ్యాట్ రబ్బరు మార్చండి" అంటారు. సూరత్ వ్యాపారుల ఊరు కదా, ఏ చిక్కొచ్చినా చూపు ముందు సరుకు మీదికే పోతుంది.

నాకు దారి చూపింది మాత్రం టీటీతో ఏ సంబంధమూ లేని ఒక పాత అధ్యయనం. 1890లలో అమెరికాలో విలియం లోవ్ బ్రయన్, నోబుల్ హార్టర్ అనే ఇద్దరు పరిశోధకులు టెలిగ్రాఫ్ నేర్చుకునేవాళ్లను వారం వారం పరీక్షించి, వాళ్ల వేగాన్ని గీతలుగా గీశారు. సందేశం పంపడంలో గీత సాఫీగా పైకెళ్లింది. వచ్చిన సందేశాన్ని విని అందుకోవడంలో మాత్రం కొంతదూరం లేచి, వారాల తరబడి చదునుగా సాగి, మళ్లీ లేచింది. ఆ చదును అసలు ఉందా అని తర్వాతివాళ్లు అనుమానపడ్డారు. 1958లో ఫ్రెడ్ కెల్లర్ అదంతా భ్రమేనని ఏకంగా వ్యాసమే రాశాడు. ఆ తగువు తీర్చడం నా పని కాదు. నన్ను పట్టుకున్నది వేరే సంగతి. బ్రయన్, హార్టర్ లెక్కలో ఆగింది పంపడం కాదు, అందుకోవడం.

నా బ్యాక్‌హ్యాండ్‌ను ఆ కళ్లతో చూస్తే చెయ్యి నిర్దోషి. కట్ ఎక్కువున్న బంతిని మామూలుగా లేపితే నెట్‌లో పడుతుంది. కట్ లేని బంతిని అంతే బలంగా లేపితే బల్ల దాటిపోతుంది. బుట్ట బంతుల్లో ఏది వస్తుందో ముందే తెలుసు కాబట్టి అక్కడ నేను చదవాల్సిందేమీ లేదు. మ్యాచ్‌లో ఆ చదవడం దగ్గరే ఆగిపోయాను.

లింబాయత్‌లో పవర్‌లూమ్ షెడ్ల పక్కన పెరిగినవాణ్ణి, ఈ ముక్క నాకు ముందే తట్టాల్సింది. తెలంగాణ నుంచి వచ్చిన మా పద్మశాలి పెద్దలు అంత మోతలోనూ ఏ మగ్గం శబ్దం మారిందో కూర్చున్నచోటి నుంచే చెప్పేవారు. కొత్త కుర్రాడికి తెగిన పోగు ముడివేయడం త్వరగానే పట్టుబడేది. ఆ చెవి రావడానికి మాత్రం ఏళ్లు పట్టేది.

ఈ ఆటలో కన్ను ఎంత ముఖ్యమో నిబంధనలు చూసినా తెలుస్తుంది. రెండు వైపులా ఒకే రంగు రబ్బరుంటే ఏ వైపుతో కొట్టారో ఎదుటివాడికి అంతుపట్టడం లేదని 1980లలో రెండు రంగులు తప్పనిసరి చేశారు. 2002 నుంచి సర్వీసు చేసేటప్పుడు బంతిని ఒంటితో, చేత్తో దాచకూడదన్నారు.

మా హాల్లో ఒక కాకా ఉన్నారు. వయసులో నాకంటే చాలా పెద్ద, కాళ్లు పెద్దగా కదలవు. బ్యాక్‌హ్యాండ్ వైపు లాంగ్ పింపుల్స్ రబ్బరు. మనం టాప్‌స్పిన్ కొడితే ఆ బంతి కట్‌గా తిరిగొస్తుంది, కట్ పంపితే చప్పగానో కాస్త ముందుకు తిరుగుతూనో వస్తుంది. ఆయనతో ఆడటానికి అందరూ మొహం చాటేస్తారు. నేనూ తప్పించుకు తిరిగేవాణ్ణి. ఇప్పుడు నేనే వెళ్లి, "కాకా, రెండు గేములు" అని అడుగుతున్నాను. నిజం చెప్పాలంటే విసుగే. కానీ ఎవరి బ్యాట్ ఎటు కదిలింది, బంతికి ఎంత తిరుగుడు ఉంది అని చూడకుండా ఆయన దగ్గర ఒక్క పాయింటూ రాదు.

కోచ్‌ను కూడా ఒకటి కోరాను. కట్ ఎక్కువది, తక్కువది, అసలు లేనిది కలిపి, వరస చెప్పకుండా పంపమన్నాను. ఆయన నవ్వి, "సాధన పాడైపోతుంది సాబ్" అన్నారు. పాడైంది కూడా. వారాల తరబడి ప్రాక్టీసులో నా దెబ్బ చూడబుద్ధి కాలేదు. జాన్ షీ, రాబిన్ మోర్గాన్ 1979లో చేతి కదలికల మీద చేసిన ప్రయోగంలోనూ ఇదే కనిపించింది. కదలికలను కలగాపులగంగా సాధన చేసినవాళ్లు అప్పటికప్పుడు వెనకబడ్డారు, తర్వాత పరీక్షిస్తే ఒక్కోటీ వరసగా చేసినవాళ్లకంటే బాగా నిలుపుకున్నారు. ఎదుగుదల ఆగిందని దిగులుపడేవాళ్లను మధ్యలో వచ్చే ఈ వెనకబాటే ఎక్కువ భయపెడుతుందని నా అనుమానం. అందుకే చాలామంది మళ్లీ బుట్ట బంతుల దగ్గరికే వెళ్లిపోతారు. అక్కడ హాయిగా ఉంటుంది మరి.

వీడియోలు చూసే పద్ధతీ మారింది. మన హైదరాబాదు ఆకుల శ్రీజ 2024 జూన్‌లో లాగోస్‌లో డబ్ల్యూటీటీ కంటెండర్ సింగిల్స్ గెలిచినప్పుడు, ఆమె చెయ్యి ఎలా తిరుగుతుందా అని వెనక్కీ ముందుకీ తిప్పి చూశాను. ఇప్పుడు ఆమెకు ఎదురుగా ఉన్నవాళ్ల బ్యాట్ మీదే కళ్లుంచి, బంతి నెట్ దాటేలోపు కట్టా కాదా అని నాకు నేనే జవాబు చెప్పుకుంటాను. తప్పులు ఇంకా బాగానే వస్తున్నాయి, కాకపోతే ముందు కంటే తక్కువ.

మీ దెబ్బ కూడా ఎక్కడో ఆగి ఉంటే, రబ్బరు కొనే డబ్బు ఒక నెల పక్కన పెట్టండి. హాల్లో అందరూ తప్పించుకు తిరిగే ఆటగాడు ఒకరు ఉండే ఉంటారు. ఈ ఆదివారం ఆయన్నే ఆటకు పిలవండి.